సొంతంగా కట్టుకునే ఆఫ్‌రోడ్ క్యాంపర్ ట్రెయిలర్‌కు లోహపు రేకుల బిగింపు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్ట్రేలియాలోనో అమెరికాలోనో ఉంటూ, కారు వెనుక తగిలించుకుని మట్టిదారుల్లో వెళ్లగలిగే క్యాంపర్ ట్రెయిలర్‌ను సొంత గ్యారేజీలో కట్టుకోదలచిన తెలుగువారి కోసం ఈ సమాధానాలు రాస్తున్నాను. ఉదాహరణగా తీసుకున్నది 3 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తు ఉన్న పెట్టె. దానికి ఉక్కు చదరపు గొట్టాల చట్రం, ఒకే ఇరుసు, పైన అల్యూమినియం రేకు. కట్టేవారిలో చాలామంది చట్రం బలం గురించి ఎంతో ఆలోచించి, రేకు బిగింపును మాత్రం చివర్లో తేల్చుకోవచ్చని వదిలేస్తారు. ఎండకు రేకు సాగుతుంది, దారికి చట్రం అదురుతుంది. ఈ రెండు కదలికలకూ చోటిచ్చే బిగింపు నిలుస్తుంది, ఇవ్వనిది వదులవుతుంది. మిగిలిన నిర్ణయాలన్నీ దీని వెనుకే వస్తాయి.

అల్యూమినియం రేకు మంచిదా, ఉక్కు రేకు మంచిదా?

బరువు లెక్క వేసుకుంటే సమాధానం చాలావరకు తేలిపోతుంది. పైన చెప్పిన పెట్టెకు నాలుగు గోడలూ పైకప్పూ కలిపి సుమారు 20 చదరపు మీటర్ల రేకు పడుతుంది. 1.5 మి.మీ. అల్యూమినియం చదరపు మీటరుకు దాదాపు 4 కిలోలు కాబట్టి మొత్తం 81 కిలోల దగ్గర ఆగుతుంది. 1.2 మి.మీ. ఉక్కు రేకు చదరపు మీటరుకు 9.4 కిలోలు తూగుతుంది కాబట్టి మొత్తం 188 కిలోలవుతుంది. వంద కిలోలకు పైబడిన ఈ తేడాలో పెద్ద భాగం ఇరుసుకు ఎంతో ఎత్తున ఉంటుంది. పక్కకు వాలిన దారిలో ట్రెయిలర్ నిలకడను దెబ్బతీసేది ఆ ఎత్తులోని బరువే.

ఉక్కుకు ఉన్న సుగుణాలను కూడా చెప్పాలి. అది చట్రంతో సమానంగా సాగుతుంది, చట్రానికి వెల్డింగుతో అతుకుతుంది, సొట్టపడితే కొట్టి సరిచేసుకోవచ్చు. అందువల్ల చక్రాల పైకప్పులకు, నాలుక (ట్రెయిలర్‌ను కారుకు తగిలించే ముందు భాగం) దగ్గరి పెట్టెకు ఉక్కు వాడి, మిగిలిన ఒంటికి అల్యూమినియం వాడడం నా దృష్టిలో సరైన పంపకం.

ఏ రకం అల్యూమినియం, ఎంత మందం తీసుకోవాలి?

గోడలకూ పైకప్పుకూ 5052 మిశ్రమ లోహం, హెచ్32 గట్టిదనంలో, 1.5 లేదా 1.6 మి.మీ. మందం సరిపోతుంది. ఇది ఉప్పుగాలికి తట్టుకుంటుంది, పగుళ్లు రాకుండా మడత పడుతుంది. 3003 ఇంకా మెత్తగా ఉండి సులభంగా వంగుతుంది గాని రాళ్ల దెబ్బకు త్వరగా సొట్టపడుతుంది. 6061-టీ6 బలమైనదే అయినా, ఇరుకు మడత వేస్తే మడత వెంబడి చిట్లుతుంది. దాన్ని బ్రాకెట్లకు ఉంచుకోవడం మేలు. కారు టైర్లు విసిరే రాళ్లను నేరుగా తినే ముందు గోడ కింది సగానికి మాత్రం 2 నుంచి 3 మి.మీ. చెకర్డ్ ప్లేటు (పైన గరుకు గళ్లు తేలిన మందపు పలక) వేయాలి. దాన్ని ఎప్పుడైనా విప్పి మార్చుకునేలా బోల్టులతోనే బిగించాలి.

కొనేటప్పుడు గేజి సంఖ్య చెప్పి కొనవద్దు. మన ఊళ్లలోని ఇనుప దుకాణాల్లో వాడే బ్రిటిష్ గేజి ప్రకారం 16 గేజి అంటే 1.63 మి.మీ.; అమెరికాలో అల్యూమినియానికి వాడే గేజిలో అదే 16 అంటే 1.29 మి.మీ. మాత్రమే. మందాన్ని మిల్లీమీటర్లలో అడగండి, రేకు చేతికి వచ్చాక కాలిపర్‌తో కొలవండి.

ఎండకు రేకు నిజంగా అంత సాగుతుందా?

సాగుతుంది, ఆ కొలత తెలిస్తే బిగింపు పద్ధతిని ఎంచుకోవడం తేలికవుతుంది. ఒక డిగ్రీ సెల్సియస్ వేడికి అల్యూమినియం మీటరుకు 0.023 మి.మీ. పైచిలుకు, ఉక్కు 0.012 మి.మీ. సాగుతాయి. 20 డిగ్రీల ఉదయాన బిగించిన 3 మీటర్ల రేకు మధ్యాహ్నపు ఎండలో 70 డిగ్రీలకు చేరితే దాదాపు 3.5 మి.మీ. పెరుగుతుంది. ముదురు రంగు రేకుకు ఆ వేడి అరుదేమీ కాదు. దాని వెనుక నీడలో ఉన్న ఉక్కు గొట్టం 45 డిగ్రీలకే చేరితే 0.9 మి.మీ. పెరుగుతుంది. అంటే రెండింటి మధ్య తేడా 2.6 మి.మీ.; రేకు మధ్యభాగం కదలలేదనుకుంటే ఒక్కో చివర 1.3 మి.మీ.

ఇప్పుడు 4.8 మి.మీ. రివెట్‌ను 4.9 మి.మీ. రంధ్రంలో బిగించారనుకోండి. ఆ 1.3 మి.మీ. పోవడానికి చోటు లేదు. రేకు రెండు రివెట్ల మధ్య ఉబ్బుతుంది, లేదా రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారంలోకి లాగుతుంది. రాత్రి చల్లబడి మళ్లీ ముడుచుకుంటుంది. రోజూ ఇదే జరుగుతుంటే, దానికి దారి అదురు తోడయితే, రివెట్ వదులవడం సహజం. అదే 1.3 మి.మీ. కదలికను 3 మి.మీ. మందమున్న సాగే జిగురు పొర ఏ ఇబ్బందీ లేకుండా మింగగలదు. లేత రంగు వేస్తే రేకు వేడే తగ్గుతుంది కాబట్టి రంగు ఎంపిక కూడా బిగింపులో భాగమేనని నేను భావిస్తాను.

అయితే వెల్డింగు, స్క్రూలు, రివెట్లు, జిగురు: వీటిలో ఏది?

అల్యూమినియం రేకును ఉక్కు గొట్టానికి మామూలు వెల్డింగుతో అతకడం సాధ్యం కాదు. ఉక్కు రేకయితే అతకవచ్చు గాని, 1.2 మి.మీ. రేకు మీద వరుసగా వెల్డ్ వేసుకుంటూ పోతే అది అలలు తేలుతుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల లారీ బాడీల పని దగ్గరగా చూసినవారికి మందపు రేకు మీద వెల్డింగు ఎంత సాఫీగా కుదురుతుందో తెలుసు. పలుచని రేకు విషయంలో ఆ ధీమా పనికిరాదు. తప్పనిసరైతే 20 నుంచి 25 మి.మీ. పొడవున చిన్న చిన్న అతుకులు వేస్తూ, ఒక మూల నుంచి ఎదురు మూలకు మారుతూ, మధ్యలో చల్లారనివ్వాలి. జింకు పూత ఉన్న రేకయితే అతుకు పడే చోట పూతను ముందే గీకేయాలి. కాలిన జింకు పొగ పీల్చినవారికి కొద్ది గంటల్లోనే చలిజ్వరం వస్తుంది.

తమంతట తామే రంధ్రం చేసుకునే స్క్రూలు గోడౌను పైకప్పులకు తగినవి. అదురుకు అవి వెనక్కి తిరుగుతాయి, 2 మి.మీ. గొట్టం గోడలో వాటికి పట్టు దొరికేది ఒకటి రెండు మరల మీదే.

రివెట్లు మాత్రమే వాడితే బరువంతా ఒక్కొక్క రంధ్రం అంచు మీద పడుతుంది. జిగురు మాత్రమే వాడితే బరువు సమంగా పరుచుకుంటుంది గాని, ఉపరితలాన్ని సిద్ధం చేయడంలో ఏ పొరపాటు జరిగినా అంచు నుంచి ఊడడం మొదలవుతుంది. అందుకే నేను సిఫారసు చేసేది రెండింటినీ కలపడం: రేకు పొడవునా పాలీయురేథేన్ జిగురు, మూలల్లోనూ రేకు చివరల్లోనూ కొద్ది రివెట్లు. జిగురు ఆరేవరకు రివెట్లు రేకును పట్టి ఉంచుతాయి, తర్వాత అంచు ఊడకుండా కాపలా ఉంటాయి. అయితే చివరల్లోని రివెట్లకు రేకులో 7.5 మి.మీ. వరకు వెడల్పు రంధ్రం చేసి, పెద్ద అంచు తల ఉన్న రివెట్ వాడాలి. లేకపోతే జిగురు ఇచ్చిన స్వేచ్ఛను రివెట్ లాగేసుకుంటుంది.

మట్టిదారిలో చట్రం మెలితిరిగి రేకులు చిరిగిపోవా?

ఈ భయం లారీలను, నాలుగు చక్రాల బండ్లను చూసి వచ్చినది. ఒకే ఇరుసు ట్రెయిలర్ నేలను రెండు చక్రాల దగ్గర, కారును ఒక కొక్కెం దగ్గర తాకుతుంది. మూడు ఆధారాల మీద నిలిచిన వస్తువును గతుకులు పక్కకు వాల్చగలవు గాని అంత తేలికగా మెలితిప్పలేవు. అయితే ఇది ఆ కొక్కెం అన్ని వైపులకూ తిరిగే ఆఫ్‌రోడ్ రకమైనప్పుడే నిజం. గుండు కొక్కెం తన హద్దు దాటాక బిగుసుకుపోయి, కారు వాలును నేరుగా ట్రెయిలర్ నాలుకకు అందిస్తుంది. రెండు ఇరుసుల ట్రెయిలర్‌కు ఈ వాదన ఇంత సూటిగా వర్తించదు.

రేకులకు అసలు శత్రువు సన్నని, ఆగని అదురు. ఆస్ట్రేలియాలో 660 కిలోమీటర్ల గిబ్ రివర్ రోడ్డు వంటి దారుల మీద మట్టి అడ్డంగా అలలు తేలి ఉంటుంది. చక్రం ఆ అలల మీద గంటల తరబడి కొట్టుకుంటూనే ఉంటుంది. ఒక్క పెద్ద గతుకును ఓర్చుకున్న బిగింపు ఈ అదురుకు లొంగిపోవచ్చు. టైర్లలో గాలి తగ్గించి నడపడం రేకులకు చేసే పెద్ద మేలు.

జిగురును ఏ క్రమంలో వేయాలి?

వాహనాల తయారీకి ఉద్దేశించిన సాగే పాలీయురేథేన్ జిగురును ఎంచుకోండి. సికాఫ్లెక్స్-252 ఈ కోవకు చెందినది. సందులు పూడ్చడానికి చేసిన 221 వంటివి సీలెంట్లు, బరువు మోసే జిగుళ్లు కావు. వీటి జిగురు గొట్టాలు దుకాణంలో పక్కపక్కనే దొరుకుతాయి కాబట్టి సంఖ్య చూసి తీసుకోవాలి.

జిగురు పట్టేది దానికి తగిలిన పై పొరను మాత్రమే. తుప్పు మీద వేసిన పెయింట్‌కు అతికిస్తే పెయింట్‌తో సహా ఊడివస్తుంది. కాబట్టి చట్రాన్ని మెరిసే వరకు శుభ్రం చేసి ఎపాక్సీ ప్రైమర్, ఆపైన రెండు భాగాలు కలిపే గట్టి పెయింట్ వేసి పూర్తిగా ఆరనివ్వాలి. డబ్బాలో దొరికే మామూలు ఎనామెల్ పనికిరాదు. పౌడర్ కోటింగు చేయించిన చట్రమైతే ముందుగా ఒక ముక్క మీద అతికించి, వారం తర్వాత లాగి చూడాలి. కొన్ని పూతలకు జిగురు బాగా పడుతుంది, కొన్నింటికి పడదు, చూపుతో చెప్పలేము.

రేకు వెనుక అతికే పట్టీని సన్నని గరుకు ప్యాడ్‌తో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకే దిశలో తుడిచి, ప్రతిసారీ గుడ్డను మార్చాలి. తర్వాత జిగురు తయారీదారు చెప్పిన యాక్టివేటర్ (జిగురు పట్టేలా ఉపరితలాన్ని సిద్ధం చేసే ద్రవం), అవసరమైతే ప్రైమర్ వేసి, వారు చెప్పినంతసేపు ఆగాలి. ఈ ఆగే సమయాన్ని తగ్గించుకోవాలన్న తొందరే అతుకులు విఫలమవడానికి పెద్ద కారణం. జిగురు గొట్టం మూతిని త్రికోణంగా కోసి 8 నుంచి 10 మి.మీ. ఎత్తు జిగురు గీత వేయండి. ఆ గీత పొడవునా 3 మి.మీ. మందమున్న చిన్న రబ్బరు బిళ్లలు పెడితే, రేకును నొక్కినప్పుడు జిగురంతా బయటికి పోకుండా ఆ మందమే నిలుస్తుంది. గట్టిగా నొక్కి పొరను పలుచన చేయడం చాలామందికి బలంగా అనిపిస్తుంది. పైన వేసిన సాగుదల లెక్క గుర్తుంటే అది ఎందుకు నష్టమో అర్థమవుతుంది.

ఈ జిగురు గాలిలోని తేమతో గట్టిపడుతుంది, రోజుకు సుమారు 3 నుంచి 4 మి.మీ. లోతుకు. వెడల్పు అతుకు లోపలి దాకా ఆరడానికి రోజులు పడుతుంది కాబట్టి కనీసం వారం వరకు ట్రెయిలర్‌ను దారి మీదికి తేవద్దు. గట్టి ఎండలో పైపొర త్వరగా తోలుకడుతుంది. అందుకే ఉదయపు చల్లదనంలో, ఇద్దరు మనుషులతో, ఒక్కోసారి ఒక్క రేకు మాత్రమే అతికించాలి. చేతి తొడుగులు తప్పనిసరి, గ్యారేజీ తలుపు తెరిచి ఉంచాలి. అది గట్టిపడకముందు అందులో ఉండే ఐసోసయనేట్ల వల్ల కొందరికి ఉబ్బసం పట్టుకుంటుంది.

జిగురుకు బదులు 3ఎం వీహెచ్‌బీ టేపు వాడవచ్చా?

ఇది రెండు వైపులా అతికే బలమైన టేపు. సన్నని పట్టీలకు, మూల కోణాలకు, లోపలి గోడలకు వాడవచ్చు. అతికించిన 20 నిమిషాలకు సగం బలం, ఒక రోజుకు 90 శాతం, 72 గంటలకు పూర్తి బలం వస్తుంది. బయటి పెద్ద రేకులకు నేను సలహా ఇవ్వను, ఎందుకంటే ఇంట్లో వెల్డ్ చేసిన చట్రం అంత సమతలంగా ఉండదు. టేపు ఖాళీలను పూడ్చలేదు, జిగురు పూడుస్తుంది.

రివెట్లను ఎలా ఎంచుకోవాలి, ఎంత దూరంలో వేయాలి?

ముందుగా రేకు, జిగురు పొర, గొట్టం గోడ మందాలు కలిపి కొలవండి. 1.5, 3, 2 కలిపితే 6.5 మి.మీ.; ఆ కొలత రివెట్ డబ్బా మీద రాసిన పట్టు పరిధిలో ఉండాలి. పొట్టి రివెట్ వెనుక సరిగా విచ్చుకోదు, పొడుగుది బిగుతుగా కూర్చోదు. 4.8 మి.మీ. వ్యాసం ఈ పనికి సరైనది. రివెట్ నడిమి నుంచి రేకు అంచుకు కనీసం వ్యాసానికి రెండింతలు, అంటే 10 మి.మీ. దూరం ఉండాలి. జిగురుతో కలిపి వాడినప్పుడు 200 నుంచి 300 మి.మీ.కు ఒకటి చాలు. రివెట్లే ఆధారమైన చోట 75 నుంచి 100 మి.మీ.కు ఒకటి వేయాలి.

చౌక రివెట్లలో ఒంటి భాగం అల్యూమినియం, లాగే మేకు ఉక్కు. లాగాక తెగి లోపల మిగిలిన ఉక్కు ముక్క తుప్పుపట్టి, రేకు మీద ఎర్రటి చారలు దిగుతాయి. మేకు కూడా అల్యూమినియమో స్టెయిన్‌లెస్సో అయినవి, వెనుక కొన మూసి ఉన్నవి కొనండి. రంధ్రం చేశాక రేకును తీసి, అంచున లేచిన పదునును పెద్ద బిట్‌తో చేత్తో తిప్పి తీసేయాలి. గొట్టంలోని కోత అంచుకు ప్రైమర్ తాకించాలి. రివెట్‌ను సీలెంట్‌లో ముంచి పెట్టాలి. రేకు పక్కకు జరగకుండా విమానాల పనిలో వాడే క్లెకో పిన్నులు దొరికితే తప్పక తెచ్చుకోండి, అవి మూడో మనిషితో సమానం. రివెట్ మేకు తెగి ఎగిరేటప్పుడు కళ్లద్దాలు ఉండాలి.

ఉక్కుకూ అల్యూమినియానికీ మధ్య తుప్పు ఎలా ఆపాలి?

తడి తగిలిన చోట ఈ రెండు లోహాలు ఒకదాన్నొకటి ముట్టుకుంటే అల్యూమినియం తనను తాను ఖర్చుచేసుకుంటుంది. పెయింట్ కింద తెల్లటి పొడి ఉబ్బులు కనిపిస్తాయి. 1948 నుంచి వచ్చిన పాత ల్యాండ్ రోవర్లలో అల్యూమినియం మిశ్రమపు రేకులు ఉక్కు చట్రానికి తగిలే చోట్ల ఇలాగే తినబడ్డాయి. జిగురు పొర 3 మి.మీ. ఉంటే అది లోహాలను దూరంగానే ఉంచుతుంది. ప్రమాదం మిగిలేది రివెట్ల దగ్గర, బోల్టుల దగ్గర.

ఇక్కడ పరిమాణాల నిష్పత్తి ముఖ్యం. పెద్ద అల్యూమినియం రేకులో చిన్న స్టెయిన్‌లెస్ రివెట్ ఉంటే, సీలెంట్ పెట్టినంతవరకు నష్టం నెమ్మదిగానే సాగుతుంది. పెద్ద ఉక్కు రేకులో చిన్న అల్యూమినియం రివెట్ ఉంటే నష్టమంతా ఆ రివెట్ మీదే పడి త్వరగా పోతుంది. చెకర్డ్ ప్లేటు బోల్టుల కింద నైలాన్ వాషర్లు పెట్టండి, రివ్‌నట్లను (గొట్టం గోడలో రివెట్‌లా బిగిసే నట్లను) ప్రైమర్‌తో కూర్చోబెట్టండి. సముద్రపు ఒడ్డున తిరిగి వచ్చాక మంచినీటితో కడగడాన్ని వాయిదా వేయకూడదు.

సిలికోన్ సీలెంట్ వాడవచ్చా?

వద్దు. వెనిగర్ వాసన వేసే రకం ఆరేటప్పుడు వదిలే ఆమ్లం ఉక్కునూ జింకు పూతనూ తింటుంది. ఏ రకమైనా సిలికోన్ తగిలిన చోట తర్వాత పెయింట్ గాని, వేరే జిగురు గాని నిలవదు.

దుమ్ము, నీరు లోపలికి రాకుండా అతుకులు ఎలా ఉండాలి?

పై రేకు కింది రేకు మీదికి, ముందు రేకు వెనుక రేకు మీదికి కనీసం 25 మి.మీ. రావాలి. అప్పుడు వాననీరు గాని, వేగంలో తోసుకొచ్చే గాలి గాని అతుకులోకి ఎదురెక్కవు. పైకప్పును ఒకే రేకుతో వేసి, అంచులను గోడల మీదికి కిందికి మడవడానికి ఎంత ఖర్చయినా పెట్టండి. పైకప్పు మధ్యలో అతుకు ఎప్పటికైనా కారుతుంది. మూలల మీద బ్యూటైల్ టేపు (జిగట రబ్బరు పట్టీ) వేసి, పైన అల్యూమినియం కోణపు పట్టీ బిగించాలి. బ్యూటైల్ గట్టిపడదు కాబట్టి కదలికను ఏళ్ల తరబడి ఓర్చుకుంటుంది.

దుమ్ము ఎక్కువగా వెనుక నుంచి వస్తుంది. కదిలే ట్రెయిలర్ వెనుక గాలి పీడనం తగ్గుతుంది, అక్కడే దుమ్ము సుడులు తిరుగుతుంది, ఏ చిన్న సందు దొరికినా లోపలికి చేరుతుంది. అందువల్ల వెనుక తలుపు చుట్టూ, నేల రేకు అంచుల చుట్టూ ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ముందు వైపు పైభాగంలో జల్లెడ ఉన్న గాలి మార్గం ఒకటి ఉంచితే లోపల పీడనం కాస్త పెరిగి దుమ్మును బయటే ఆపుతుంది.

గోడ అడుగు అంచును మాత్రం పూర్తిగా మూయకూడదు. చలి రాత్రుల్లో రేకు లోపలివైపు పట్టే చెమ్మ కిందికి జారి పోవడానికి 6 మి.మీ. రంధ్రాలు అక్కడక్కడ ఉండాలి.

నడిచేటప్పుడు రేకు టప్పుటప్పుమని కొట్టుకుంటుంది. ఏం చేయాలి?

మధ్యలో ఆధారం లేని చదునైన రేకు లోపలికీ బయటికీ దూకుతోందని అర్థం. నిలువు గొట్టాల మధ్య దూరం 400 నుంచి 600 మి.మీ. దాటకుండా చూడాలి. ఇప్పటికే కట్టేసి ఉంటే, వెనుక 25 మి.మీ. గట్టి ఎక్స్‌పీఎస్ (పాలీస్టైరీన్) ఫోమ్ పలకను నిండుగా అతికిస్తే శబ్దం చాలావరకు ఆగుతుంది, వేడి కూడా తగ్గుతుంది. మడత మిషన్ ఉన్న దుకాణంలో రేకు పొడవునా ఒకటి రెండు గాడులు వేయిస్తే ఇంకా మేలు.

కిటికీ, తలుపు కోతల్లో ఏ జాగ్రత్తలు?

మూలలను కనీసం 50 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా కోయండి. పదునైన మూల నుంచే పగులు మొదలవుతుంది. ప్రతి కోత చుట్టూ వెనుక పూర్తి గొట్టపు చట్రం ఉండాలి, కోసిన అంచును ఆకురాయితో నున్నగా చేయాలి. తలుపు రేకుకూ చుట్టూ గోడకూ మధ్య 4 నుంచి 5 మి.మీ. సందు వదలండి, ఎండలో రెండూ సాగుతాయి.

బోర్డులకు వాడే ఏసీపీ పలకలతో కట్టవచ్చా?

ఏసీపీ అంటే రెండు పలుచని అల్యూమినియం పొరల మధ్య వేరే పదార్థపు పొర ఉన్న పలక. 4 మి.మీ. ఏసీపీ చదరపు మీటరుకు సుమారు 5.5 కిలోలు, అంటే 1.5 మి.మీ. అల్యూమినియం కన్నా బరువే. చదునుగా ఉంటుంది, కొట్టుకోదు. అయితే పైనున్న అల్యూమినియం పొర అర మిల్లీమీటరు లేదా అంతకన్నా పలుచన, రాయి తగిలితే శాశ్వతంగా గుంటపడుతుంది. మామూలు రకాల మధ్యపొర మండే ప్లాస్టిక్. నిద్రపోయే చోటికి, పక్కనే స్టవ్ వెలిగే చోటికి దాన్ని నేను సిఫారసు చేయలేను.

రేకులు బిగించే ముందు చట్రంలో ఏం సరిచూడాలి?

ప్రతి గోడ చట్రానికీ రెండు కర్ణాలు కొలవండి. తేడా 3 మి.మీ. దాటకూడదు. అతికిన రేకు గోడను మూలకు మూల బిగించేస్తుంది కాబట్టి, అప్పుడున్న వంకర అలాగే స్థిరపడిపోతుంది. ట్రెయిలర్ తన చక్రాల మీద, సమతలపు నేల మీద నిలబడి ఉండాలి. వెల్డింగు, గ్రైండింగు పనులన్నీ ముందే ముగించాలి. ఎగిరిపడిన ఇనుప రజను అల్యూమినియం మీద చిక్కుకుంటే అక్కడే తుప్పు చుక్కలు మొలుస్తాయి.

చట్టం ఏమంటుంది?

ఆస్ట్రేలియాలో సొంతంగా కట్టే చిన్న ట్రెయిలర్లకు వీఎస్‌బీ1 నియమావళి ఉంది. చక్రాల మీద పడే బరువు 750 కిలోలు దాటితే బ్రేకులు, 2,000 కిలోలు దాటితే అన్ని చక్రాలకూ బ్రేకులు ఉండాలి, వెడల్పు 2.5 మీటర్లు మించరాదు. రేకుల బరువును మొదటే లెక్కించమన్నది ఇందుకే. భారతదేశంలో కట్టేవారు రేకు కొనకముందే రవాణా కార్యాలయంలో రిజిస్ట్రేషన్ సంగతి అడిగి తెలుసుకోవాలి.

ప్రయాణాల తర్వాత ఏం చూడాలి? దెబ్బతిన్న రేకును మార్చవచ్చా?

రివెట్ తల చుట్టూ నల్లటి చార కనిపిస్తే అది మురికి అనుకోవద్దు; రివెట్ కదిలి అల్యూమినియం అరిగి రాలిన పొడి అది. దాన్ని తొలిచి తీసి, రంధ్రం గుండ్రంగానే ఉంటే అదే పరిమాణం, పెరిగి ఉంటే పై పరిమాణం రివెట్ వేయండి. ఒకే వరుసలో నాలుగైదు అలా కనిపిస్తే రివెట్లు మార్చి లాభం లేదు, ఆ అంచున జిగురు ఊడింది. మూలల్లో వేలితో నొక్కి చూసినా అది తెలుస్తుంది.

రేకును మార్చడం అనుకున్నంత కష్టం కాదు. రివెట్లు తొలిచి, కారు ముందు అద్దం తీసేవారు వాడే సన్నని తీగను రెండు పిడులకు కట్టి, ఇద్దరు అటూ ఇటూ లాగుతూ జిగురును కోయవచ్చు. చట్రం మీద మిగిలిన పాత పాలీయురేథేన్ గట్టిగా పట్టి ఉంటే దాన్ని గీకేయకుండా, పదునైన కత్తితో 1 మి.మీ. మందానికి కోసి, ఆ తాజా కోత మీదే, అదే రోజు కొత్త జిగురు వేయాలి. ఊడిపోయిన భాగాల్లో మాత్రం లోహం దాకా శుభ్రం చేసి, ప్రైమర్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.